మూత లోపలి చెమ్మ

హమమత్సు,
1998 డిసెంబరు 21

వదినా,

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్తాను. మా బజారు వీధిలో ఏడాది చివరి లాటరీ పెట్టారు. చక్రం తిప్పితే రంగు గోళీ పడుతుంది కదా, నాకు ఇన్నేళ్లుగా తెల్లగోళీ, దాంతోపాటు కాగితం రుమాళ్ల కట్ట తప్ప ఏమీ రాలేదు. ఈసారి బంగారు రంగు గోళీ పడింది! గంట కొట్టి వీధంతా వినేలా అరిచారు. దక్షిణ దీవులకు ఓడ ప్రయాణం, ఒక్కరికి. యొకొహామాలో ఎక్కితే చిచిజిమా, సైపాన్, గువామ్ మీదుగా కొరోర్ దాకా వెళ్లి రావడం.

ఫిబ్రవరిలో నాకు బడి ఉంటుంది. నువ్వు వెళ్లు. కాదనకు. ఎండుచేపల కార్ఖానాలో ఇన్నేళ్లు నిలబడిన కాళ్లు, ఒక్కసారి చాపుకుని కూర్చుంటే తప్పేం లేదు.

నీ ఆడపడుచు
కినుకో


యైజు,
డిసెంబరు 26

ఒసే కినుకో,

బజారు లాటరీలో ఓడ ప్రయాణమా? అబద్ధం ఆడకూడదని పిల్లలకు పాఠం చెప్పే దానివి, ఆడేటప్పుడైనా కాస్త నమ్మేలా ఆడడం నేర్చుకో. ఆ టికెట్టు నువ్వే కొన్నావు. ఎందుకు కొన్నావో నాకు తెలీదు, అంతే.

నాకు సముద్రం ఎందుకే? రేవు పక్కనే కాపురముంటూ, సముద్రం వైపు కిటికీ ఇరవై ఎనిమిదేళ్లుగా తెరవని దాన్ని. మీ అన్నను మింగిన నీళ్ల మీద కూర్చుని, పండ్లరసం తాగుతూ ఫోటోలు దిగమంటావా? టికెట్టు కొనుక్కుని మరీ వాంతులు చేసుకునే జనాన్ని చూస్తే నాకెప్పుడూ ఆశ్చర్యమే. దీవిలో ఏముంటుంది? ఇసుక, ఎండ, కొబ్బరిచెట్టు. మన ఊళ్లో లేనిది ఆ చెట్టొక్కటే. అది లేకుండా యాభై రెండేళ్లు బతికాను.

పైగా మీ అన్న పేరున రోజూ పెట్టే అన్నం పళ్లెం ఎవరు పెడతారు? అత్తయ్య పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, "యసుజి పళ్లెం మానకే" అంది. నాకు నమ్మకం ఉండి పెడుతున్నానా? వేడి అన్నం గిన్నెలో పెట్టి మూతేస్తే లోపల చెమ్మ పడుతుంది. మీ బళ్లో మూడో తరగతి పిల్లాడైనా చెబుతాడు. అత్తయ్య మాత్రం రోజూ మూత ఎత్తి, లోపలి నీటిబొట్లు నాకు చూపించి, "చూశావా, వాడు క్షేమం" అనేది. పెద్దల మందసంలో మీ అన్న ఫోటో పెట్టనిచ్చిందా? కర్మ చేయనిచ్చిందా? "పోయినవాళ్లకి మందసం, బతికి దూరాన ఉన్నవాళ్లకి నీడ పళ్లెం. నా కొడుక్కి పళ్లెమే" అని ఊరందరి నోరూ మూయించింది. పిచ్చితల్లి అనుకున్నాం. ఆ పిచ్చితల్లికి మాటిచ్చినందుకు నేను ఇప్పటికీ పొద్దున్నే ఆ చెమ్మ చూస్తున్నాను.

టికెట్టు వెనక్కిచ్చేసి మంచి కోటు కొనుక్కో.

హత్సుయె


హమమత్సు,
1999 జనవరి 10

వదినా,

కోటు ఉంది. లాటరీ అబద్ధమే. దొరికిపోయాను, తిట్టు.

ఓడ గువామ్ దాటాక, కొరోర్ చేరకముందు, అన్నయ్య చేపల పడవ మీంచి పడిపోయిన చోటు పక్కనుంచే వెళుతుంది. ఓడవాళ్లను అడిగి పటం మీద గుర్తు పెట్టించాను. నువ్వు ఒక్కసారి అటువైపు వెళ్లాలి. ఎందుకని అడక్కు. నీతో నేను రావలసింది. ధైర్యం లేదు.

నీ అన్నం గిన్నె నాకిచ్చి వెళ్లు. నువ్వు తిరిగొచ్చేదాకా నీకు నేను పళ్లెం పెడతాను. నువ్వు నవ్వుకున్నా సరే.

కినుకో


యైజు,
జనవరి 18

కినుకో,

మూడు రోజులు ఆలోచించాను. వెళతాను. కానీ ఒక షరతు.

మీ అన్న గిన్నె నాతో తీసుకెళతాను. ఆ చోటు రాగానే అందులో అన్నం పెట్టి, మూతతో సహా నీళ్లలో వదిలేస్తాను. తిరిగొచ్చాక కర్మ చేయించి ఫోటో మందసంలో పెడదాం. అత్తయ్యకిచ్చిన మాట తప్పినట్టే. ఆవిడ పైనుంచి తిడితే నేను పడతాను. నాకింక ఓపిక లేదే. బతికున్నవాడి పెళ్లాన్నో, పోయినవాడి పెళ్లాన్నో తేలకుండానే జుట్టు నెరిసిపోయింది. ఏదో ఒకటి అయ్యి పోవాలనుంది.

నువ్వు సరేనంటేనే ఓడెక్కుతాను. కర్మకు నా తర్వాత కూర్చోవలసింది నువ్వే కదా.

హత్సుయె


చిచిజిమా,
ఫిబ్రవరి 11

ఒసే కినుకో,

నీ సరే అన్న కార్డు ఒక్క ముక్కతో సరిపెట్టావు. టీచర్లకు మాటల కరువేమిటో!

ముందు రేవు సంగతి. ఓడ కదిలేటప్పుడు రంగుకాగితం చుట్టలు పైనుంచి విసిరి, ఒక కొస ఓడలోవాళ్లు, ఇంకో కొస రేవులోవాళ్లు పట్టుకుంటారని తెలుసుగానీ, నా చేతికే ఒకటి వస్తుందనుకోలేదు. నీది పసుపుపచ్చది. అందరివీ తెగిపోయినా మనది తెగలేదు. నువ్వు కొస పట్టుకుని రేవు చివరిదాకా పరిగెత్తావు. నలభై మూడేళ్ల టీచరమ్మవి, పడితే ఎవరు ఎత్తుతారే! ఏదో అరిచావు కూడా. ఓడ కూత మధ్య నాకొక్క ముక్క వినపడలేదు. అది ఉత్తరంలో రాయి.

ఇక ఇక్కడి బతుకు. నా గదిలో నాగోయానుంచి వచ్చిన ఓకుదా గారని ఒకావిడ. నలభై ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లకి కానుకలు తీసుకెళ్లాలట, జాబితా గోడకు అంటించింది. ఒక్క దీవి కూడా చూడకుండానే అందులో ఆరుగురి పేర్లు కొట్టేసింది, ఓడలో కొట్టుంది కాబట్టి. పొద్దున్నే డెక్కు మీద అందరూ రేడియో పాటకు కసరత్తు. సముద్రం ఒకవైపు ఒరిగితే రెండువందల ముసలి చేతులు ఒకేసారి అటు ఒరుగుతాయి. స్నానాల గదిలో తొట్టినీళ్లన్నీ ఒక పక్కకు పోయి, మేమంతా బట్టల్లేకుండా ఆ నీళ్ల వెంట పాకాం. ఇదంతా విలాసమట.

వాంతులు కాలేదు. అదొక్కటే నాకు నచ్చలేదు, తిట్టడానికి సాకు పోయింది.

గిన్నె రుమాలులో చుట్టి దిండు కింద పెట్టుకున్నాను.

హత్సుయె


హమమత్సు,
ఫిబ్రవరి 10
(సైపాన్‌లో ఓడవాళ్ల ద్వారా)

వదినా,

గిన్నె నీళ్లలో వదలకు. గువామ్‌లో నీకు ఇంకో ఉత్తరం అందుతుంది. అది చదివేదాకా ఆగు. సరే అని కార్డు రాసి తప్పు చేశాను.

నీ పళ్లెం మొదటిరోజు పెట్టాను. మూత తడిగానే ఉంది.

కినుకో


సైపాన్,
ఫిబ్రవరి 17

కినుకో,

గిన్నె వదలకు, ఆగు, ఇంకో ఉత్తరం. ఏమిటే ఈ నాన్చుడు? అత్తయ్య కలలోకి వచ్చి నిన్ను భయపెట్టినట్టుంది. సరే, ఆగుతాను.

ఒకమాట చెబుతాను, ఎవరికీ చెప్పకు. నిన్న మేం చిన్న పడవలో లోతు తక్కువ ఉన్న చోటికి వెళ్లాం. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, పడవ నీడ అడుగున ఇసుక మీద నడుస్తోంది. నేను చెప్పులు విప్పి కాళ్లు పెట్టాను. నులివెచ్చగా ఉన్నాయి. ఇన్నేళ్లూ మీ అన్న చలి నీళ్లలో పోయాడనుకుని ఏడ్చానే నేను. ఇక్కడి నీళ్లు వెచ్చగా ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. ఏడ్చాను గానీ, అది వేరే ఏడుపు. ఓకుదా గారు కళ్లలో ఉప్పునీళ్లు పడ్డాయేమోనని తన రుమాలు ఇచ్చింది.

సముద్రం మీద పగ వదిలేశాననుకుంటాను.

మొచిజుకి గారు గుర్తున్నారా? మా కార్ఖానాలో చేపలు పొగబెట్టే కొలిమి ఆయనదే. నువ్వు కాలేజీలో చేరిన ఏడాది మనింటికి వచ్చి, అత్తయ్య ముందు మోకాళ్ల మీద కూర్చుని నన్ను అడిగాడు. అత్తయ్య పళ్లెం తెచ్చి, మూత ఎత్తి చూపించింది. ఆయన ఆ చెమ్మ చూసి, వంగి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మంచివాడు. నేను 'ఔను' అందామనే అనుకున్నాను ఆ రోజు. ఈ మాట మొదటిసారి రాస్తున్నాను. మూత అడ్డొచ్చింది. నమ్మలేదు, అయినా అడ్డొచ్చింది. ఒకవేళ బతికుంటే? ఆ ఒక్క 'ఒకవేళ' కోసం.

ఇప్పుడిక పర్లేదులే. గిన్నె వదిలేస్తే 'ఒకవేళ' కూడా పోతుంది.

హత్సుయె


హమమత్సు,
ఫిబ్రవరి 13
(గువామ్‌లో ఓడవాళ్ల ద్వారా)

వదినా,

ఇది కూర్చుని చదువు.

అన్నయ్య ఆ నీళ్లలో పోలేదు. పడిపోయినవాణ్ణి కొరోర్ దీవివాళ్ల పడవ ఎత్తుకుంది. మన చేపల పడవవాళ్లు రెండురోజులు వెతికి వచ్చేశారు కదా, ఆ రెండు రోజులూ అన్నయ్య ఒడ్డున ఉన్నాడు. చూస్తూనే ఉన్నాడట. బయటికి రాలేదు. పడవ బతుకు వద్దనుకున్నాడో, ఇల్లు వద్దనుకున్నాడో, ఇప్పుడు అడగడానికి లేడు. గత నవంబరు మూడున పోయాడు. నిజంగా.

మూడేళ్ల తర్వాత, నాకు పదిహేడేళ్లప్పుడు, అమ్మ పేర ఉత్తరం వచ్చింది. అమ్మకు చదువు రాదు. నువ్వు కార్ఖానాలో ఉన్నావు. వంటింట్లో నేనే పైకి చదివాను. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం తప్పకుండా వచ్చు. "అమ్మా, నేను బతికే ఉన్నాను. ఇక్కడ ఒకామెతో ఉంటున్నాను. హత్సుయెకు చెప్పు. నా కోసం కూర్చోవద్దని, వేరే ఇల్లు చూసుకోమని చెప్పు. తిట్టించుకోవడానికి కూడా నాకు మొహం లేదు."

అమ్మ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని పొయ్యిలో పెట్టింది. "అది వెళ్లిపోతే నీ చదువు ఎవరు చూస్తారే? నా కాళ్లు ఎవరు పడతారు?" అంది. అన్నయ్య గిన్నె మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. నేను వేశాను. మరుసటి ఏడాది నువ్వు రెండు పూటలా పనికెళ్లి నన్ను కాలేజీకి పంపావు.

మొచిజుకి గారు వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. ఆయనకు టీ పోసింది నేనే. అమ్మ మూత ఎత్తింది. నేను చాపకేసి చూస్తూ కూర్చున్నాను.

అమ్మకు పిచ్చి లేదు వదినా. అన్నయ్య బతికున్నాడని తెలిసే మందసం వద్దని పళ్లెమే పెట్టింది.

పదిహేడేళ్లప్పుడు అమ్మంటే భయం. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లూ నువ్వంటే భయం, నువ్వు నన్ను చూసే చూపు మారుతుందని. అమ్మ పోయాకైనా చెప్పాల్సింది. చెప్పలేదు. నవంబరులో కియోమి అనే అమ్మాయి రాసింది, పిల్లల రాతలాంటి అక్షరాలతో; నా పేరు చూసి పోస్టువాళ్లు యైజు నుంచి ఇక్కడికి మళ్లించారు. అన్నయ్య కూతురు. ఆమె తల్లి కూడా లేదు. "యైజు అమ్మకు చెప్పండి" అని రాసింది. ఎదురుగా చెప్పలేక టికెట్టు కొన్నాను. రేవులో నేను అరిచింది ఇదే. ఓడ కదిలాక గానీ నాకు నోరు రాలేదు.

కియోమి కొరోర్ రేవులో తెల్లగుడ్డ పట్టుకుని ఉంటుంది. చూడాలనిపించకపోతే దిగకు.

నేను క్షమాపణ అడగడం లేదు. అడగడానికి మొహం లేదని అన్నయ్య రాసిన మాటే నాదీ.

కినుకో


ఓడలో,
ఫిబ్రవరి 21

కినుకో టీచరు గారికి,

మీ ఉత్తరం అందింది.

ఇవాళ మధ్యాహ్నం పటంలో మీరు గుర్తు పెట్టించిన చోటు దాటాం. ఎవరు చెప్పారో, ఓడవాళ్లు కూత వేశారు. ఓకుదా గారు ఎక్కణ్ణుంచో పూలు తెచ్చి నా చేతిలో పెట్టి, "మీ ఆయనకి వెయ్యండమ్మా" అని తనే ఏడ్చింది. అందరూ టోపీలు తీసి నిలబడ్డారు. నేను వేశాను. ఎవరూ మునగని నీళ్లలో పూలు వేసి దణ్ణం పెట్టుకున్నాను.

నవంబరు మూడు తర్వాత కూడా నేను రోజూ మూత ఎత్తి చూశాను. తడిగానే ఉంది. నేను చెప్పలేదూ, అది వట్టి ఆవిరి అని?

ఇవసె హత్సుయె


కొరోర్,
ఫిబ్రవరి 24

కినుకో టీచరు గారికి,

దిగాను. ఆ అమ్మాయి తెల్లగుడ్డ పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. నుదురు అచ్చం మీ అమ్మగారిదే. దగ్గరికి రాగానే మన రేవు జాలరుల యాసలో, "ఏందమ్మా ఇంత లేటు, ఎండలో మాడిపోయా" అంది. మర్యాద మాటలు ఆమెకు ఎవరూ నేర్పలేదు. తండ్రి దగ్గర నేర్చుకున్న భాష అదొక్కటే.

ఇల్లు చిన్నది. పక్కనే సమాధి. పైన సిమెంటు పలక, దాని మీద సిగరెట్ల పెట్టె. నేను తిట్టాలని చాలా మాటలు దాచుకుని వెళ్లాను. పలక వేడిగా ఉంది, చెయ్యి పెట్టి తీసేశాను.

లోపలికి వెళితే, మూలగా ఉత్తర దిక్కుకు, మన దేశం వైపు తిప్పి ఒక చెక్కపెట్టె, దాని మీద అన్నం గిన్నె, మూతగా చిన్న సాసరు. ఎవరికని అడిగాను.

"మీకే. నాన్న రోజూ పొద్దున్నే పెట్టేవోడు. మూత ఎత్తి చూసి, 'హత్సుయె బాగుంది. మళ్లీ పెళ్లయ్యుంటది. ఇద్దరు పిల్లలుంటారు' అనేవోడు. నాన్న పోయినా నేను మానలేదు. మీరు బతికే ఉన్నారు గదా."

నేను నవ్వాను. ఆ పిల్ల భయపడింది. ఎంతసేపు నవ్వానో తెలీదు, ఆగేసరికి ఆమె నా వీపు నిమురుతోంది. అక్కడ తల్లి, ఇక్కడ కొడుకు, ఇద్దరూ ఇన్నేళ్లు పొద్దున్నే మూతలు ఎత్తి చూసుకుని సంతోషపడ్డారు. ఆయనకు తన ఉత్తరం నాకు అందిందనే నమ్మకం. నా పిల్లలకు పేర్లు కూడా పెట్టుకున్నాడట. అడిగితే కియోమి చెప్పబోయింది. వద్దన్నాను.

"మీరొచ్చేశారుగా, ఇంక ఇది మీరే తినాలి" అని ఆ గిన్నె నా ముందు పెట్టింది. చల్లారిపోయింది. తిన్నాను.

యసుజి గిన్నె కియోమికి ఇచ్చి సమాధి దగ్గర పెట్టించాను. పోయినవాళ్ల గిన్నెకు మూత వెయ్యరు. అందుకని మూత నాతో తెచ్చేసుకుంటున్నాను.

ఇవసె హత్సుయె


హమమత్సు,
ఏప్రిల్ 25

వదినా,

ఇది నాలుగో ఉత్తరం. రెండుసార్లు యైజు వచ్చాను, ఇంటికి తాళం. చేపల కొట్టు ఆవిడ, "మకాం మార్చేసింది, అడ్రసు చెప్పొద్దంది" అంది. నీకిమ్మని ఈ కవరు ఆవిడకే పంపుతున్నాను.

రోజూ నీ గిన్నెలో అన్నం పెడుతున్నాను. ప్రయాణం నుంచి తిరిగొచ్చేసినవాళ్లకి పళ్లెం పెట్టొచ్చో లేదో తెలీదు. ఇలాంటివి నేను నిన్నే అడిగేదాన్ని. పోయిన ఆదివారం మూత ఎత్తితే నిండా చెమ్మ. నువ్వు క్షేమంగా ఉన్నావని ఆ రోజంతా ధైర్యంగా తిరిగాను.

నన్ను తిడుతూనైనా ఒక్క ముక్క రాయి.

కినుకో


యైజు, రేవు వెనక వీధి,
ఎండుచేపల గోదాము పై గది,
జూన్ 2

కినుకో,

మీ ఇంట్లో ఉండలేకపోయాను. ఆ వంటింట్లో పొయ్యి చూసినప్పుడల్లా కాగితం కాలుతున్న వాసన వచ్చినట్టుండేది. ఈ గదికి ఒకటే కిటికీ, సముద్రం వైపు. తెరిచే ఉంచుతున్నాను. కర్మ మన గుడి పూజారి చేత చేయించాను. ఫోటో మందసంలో పెట్టాను, మీ అమ్మ పక్కన. ఇద్దరూ ఒకళ్లకొకళ్లు సంజాయిషీ చెప్పుకోనీ.

నీకు రాయడం ఆలస్యం చేసింది కావాలనే. నీ మీద కోపం పోలేదు. పద్నాలుగేళ్ల పిల్లగా నాకు అప్పజెప్పారు నిన్ను. రోజూ నీకు జడ వేసింది నేనే. ఆ పిల్ల మీద నాకు కోపం రావడం లేదు. టీ పోసిన ఆడమనిషి మీద వస్తోంది. ఇద్దరూ ఒకళ్లే అవడం వల్ల చాలా అవస్థగా ఉంది.

మొన్న మొచిజుకి గారు వీధిలో ఎదురయ్యారు. మనవరాలిని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఉన్నారు. బండి ఆపి, "ఓడెక్కారటగా! ఎలా ఉన్నారు?" అన్నారు. బాగున్నానన్నాను. తర్వాత మేడెక్కి వచ్చి చాలాసేపు ఏడ్చాను. ఎందుకంటే ఆయన అడిగారు.

ఆ మూతలో ఇప్పుడు సబ్బు పెట్టుకుంటున్నాను. రోజూ తడిగానే ఉంటుంది.

ఏప్రిల్ ఆదివారం నా మూత నిండా చెమ్మ ఉందని, నేను క్షేమమని రాశావు. ఆ ఆదివారం నాకు విపరీతమైన జ్వరం. లేచి నీళ్లు తాగడానికి కూడా ఓపిక లేక పడున్నాను. మీ ఇంటివాళ్లందరూ నా గురించి అన్నం గిన్నెను అడిగినవాళ్లే.

ఆ పళ్లెం మానెయ్. హమమత్సు నుంచి ఇక్కడికి రైల్లో గంట. నేను ఎలా ఉన్నానో తెలుసుకోవాలనుంటే వచ్చి నన్నే అడుగు. తలుపు తీస్తానో లేదో ఇప్పుడే చెప్పలేను.

వచ్చేటప్పుడు నా గిన్నె తీసుకురా. అది నీ దగ్గరే ఉండిపోయింది. మార్చి నుంచి కాగితం పళ్లెంలో తింటున్నాను.

హత్సుయె